గెంతుతూ నిజంగానే పాడతారా, పెదాలు కదుపుతారా? రెండు పెట్టెల పూతరేకుల పందెం, తీర్పు మీదే

ముక్తేశ్వరం_మావయ్య | శనివారం రాత్రి 9:10

అందరికీ నమస్కారమండి. దీన్ని సంగీతం విభాగంలో పెట్టాలో కుటుంబ తగాదాల్లో పెట్టాలో తెలీక ఇక్కడ పెట్టేను. నిర్వాహకులు సర్దుకోవాలి.

మా అక్క కూతురు కాకినాడలో ఇంజినీరింగు చదువుతోంది. సెలవులకొచ్చి, ఫోను టీవీకి తగిలించి కొరియా ఆడపిల్లల కచేరీ పెట్టింది. ఏడుగురు. కూర్చుంటున్నారు, లేస్తున్నారు, నేలమీద దొర్లుతున్నారు, జుట్టు గిరగిరా తిప్పుతున్నారు. పాట మాత్రం ఎక్కడా తడబడకుండా నూనె రాసినట్టు జారిపోతోంది. ఊపిరి చప్పుడు ఒక్కటి వినబడలేదు. "అమ్మలూ, ఇది టేపే" అన్నాను. అంతే, కంచంలో చెయ్యి తీసేసి లేచిపోయింది.

నా రుజువు ఒక్కటే. మా తోటలో కొబ్బరి దింపు తీసే మనిషి ఇరవయ్యేళ్ళ నుంచి చెట్లెక్కుతున్నాడు, ఇనపకండ. అలాంటివాడు కూడా నాలుగో చెట్టు దిగాక "ఎన్ని గెలలు కోసేవురా" అంటే "ఆరు" అని, ఆగి, ఊపిరి పీల్చి, "గెల...లండి" అంటాడు. ఈ పిల్లలు మూడు నిమిషాలు గెంతి, ఆఖర్న తారస్థాయిలో గొంతెత్తి నిలబెడుతున్నారంటే ఎవడు నమ్ముతాడు?

పందెం ఆత్రేయపురం పూతరేకులు, నేతివి, రెండు పెట్టెలు. తెలిసినవాళ్ళు చెప్పండి.

ఎటకారం_ఎంకట్రావు | శనివారం రాత్రి 9:24

ఆయ్, మీరు కొరియా దాకా వెళ్ళేరుగానండి, మా వీధిలో ఉల్లిపాయల ఆటో ఆయన కూడా పెదాలు కదపడం మానేసి పెన్‌డ్రైవు పెట్టేశాడు. మధ్యాన్నం వేపచెట్టు కింద ఆయన గుర్రు పెడుతుంటాడు, గొంతు మాత్రం "రండమ్మా రండి" అంటూనే ఉంటుంది. పాప్ సింగరే అయ్యుండాలి.

రేవుపక్క_పిల్ల | శనివారం రాత్రి 9:41

ఆ మేనకోడల్ని నేనేనండి. మావయ్య సగమే చెప్పేరు. ఆయన చూసింది పాట వీడియో కాదు, స్టేజి మీదది. కొరియా వాళ్ళ దగ్గర దీనికి మాటలు కూడా ఉన్నాయి. గొంతు లేకుండా వాయిద్యాలు మాత్రం ఉన్న ట్రాకు ఎమ్మార్. గొంతుతో సహా అన్నీ ఉన్నది ఏఆర్. వాళ్ళ టీవీ పోటీల్లో గెలిచినవాళ్ళు ఆఖర్న మళ్ళీ ఒకసారి పాడాలి, దాన్ని ఎన్‌కోర్ అంటారు. అప్పుడు డాన్సు పెద్దగా ఉండదు, ట్రాకులో గొంతు ఉండదు, గొంతులు నగ్నంగా బయటపడతాయి. అక్కడ బాగా పాడినవాళ్ళని దేశమంతా పొగుడుతుంది, పాడలేనివాళ్ళని వారం రోజులు ఉతికి ఆరేస్తారు. మొత్తం టేపే అయితే ఇంత గొడవ ఎందుకు జరుగుతుంది మావయ్యా?

ఇంకోటి, వాయిద్యాలు తీసేసి గొంతు మాత్రమే మిగిల్చిన వీడియోలు నెట్లో బోలెడు. వాటిల్లో ఊపిరి వినబడుతుంది. నేను గెలిచినట్టే.

పాలకొల్లు_మైక్‌సెట్ | శనివారం రాత్రి 11:52

ఇప్పుడే పెళ్ళి ప్రోగ్రాం నుంచి వచ్చి వైర్లు చుట్టి కూర్చున్నానండి. ముప్పయ్యేళ్ళ బట్టి ఇదే పని. గొట్టం స్పీకర్ల రోజుల్నించి ఇప్పటి డిజిటల్ మిక్సర్ల దాకా తిప్పేను. కాబట్టి నాకో పావుగంట ఇవ్వాలి.

"పాడతారా, పాడరా" అన్న ప్రశ్నే సరిగ్గా లేదండి. మిక్సరు దగ్గర కూర్చున్నవాడికి ఒక్కో గొంతుకి ఒక్కో మీట ఉంటుంది. పాడేవాళ్ళ మైకు ఒక మీట మీద, స్టూడియోలో ముందే పాడి పెట్టుకున్న అసలు గొంతు ఇంకో మీట మీద, కోరస్సు వేరే మీట మీద. మైకు పూర్తిగా మూసేసి ట్రాకు వదిలేస్తే అది మావయ్యగారన్న టేపు. ట్రాకులో గొంతే లేకుండా మైకొక్కటే తెరిస్తే అమ్మాయిగారన్న లైవు. పెద్ద డాన్సు ప్రోగ్రాములు ఎక్కువగా ఈ రెండిటి నడుమ ఉంటాయి. మైకు తెరిచే ఉంటుంది, కింద ట్రాకు గొంతు సన్నగా పారుతుంటుంది, గంజి మీద నెయ్యి తేలినట్టు. గెంతు ఎక్కువున్న లైనులో ట్రాకు గొంతు కొంచెం పైకి లేపుతారు, నిలబడి పాడే లైనులో దించేస్తారు. ఒక పాటలోనే పదిసార్లు మారుతుంది. కింద కూర్చున్న జనానికి ఆ అతుకు తెలిసిందంటే మావాడికి పని రానట్టు లెక్క.

మరి ట్రాకు ఎందుకంటారా? దొంగతనానికే కాదండి. ఇప్పుడు స్టేజి వెనకాల తెరమీద బొమ్మలు, లైట్లు, నిప్పుపూలు అన్నీ ఒకే గడియారానికి కట్టి ఉంటాయి. పాడేవాళ్ళ చెవిలో చిన్న ఇయర్‌ఫోను, అందులో టిక్ టిక్ మని తాళం. ఆ తాళం లేకపోతే లైటొకచోట, గెంతొకచోట, పాటొకచోట. పైగా శబ్దం సెకనుకి మూడొందల నలభై మీటర్లే కదండి. వంద మీటర్ల మైదానంలో ఆ చివర్న పెట్టిన స్పీకర్ల శబ్దం స్టేజి మీదకి తిరిగొచ్చేసరికి సెకనులో దాదాపు మూడో వంతు ఆలస్యం. అది వింటూ పాడితే ఎంతటివాడికైనా తాళం తప్పుతుంది.

ఒక ముచ్చట చెప్పి పడుకుంటాను. ఊరు చెప్పను. జాతరకి ఒక గాయకుడిని పిలిచేరు. పెన్‌డ్రైవు నా చేతికిచ్చి "మైకు కొంచెం తగ్గించు బాబాయ్" అన్నాడు. కొంచెం అంటే ఎంతో నాకర్థమైంది, పూర్తిగా తగ్గించేను. పాట మంచి ఊపులో ఉండగా సర్పంచుగారు దండ పట్టుకొని స్టేజెక్కేరు. ఈయన మైకు చంకలో పెట్టుకొని రెండు చేతులతో దణ్ణం పెట్టి, మెడ వంచి దండ వేయించుకొని, ఫోటో కూడా దిగేడు. పాట మాత్రం చరణం దాటి పల్లవికి వచ్చేసింది. ముందు వరసలో ఒక ముసలమ్మ "దండ వేస్తే గొంతు ఇంకా బాగా వస్తందే" అంది. చురక కాదండోయ్, నిజంగానే అనుకుంది.

డల్లాస్_భీమవరం | ఆదివారం ఉదయం 5:30

మైక్‌సెట్ బాబాయ్‌గారికి జరిగింది అమెరికాలో ఇంకా ఘోరంగా జరిగింది. మిల్లీ వనిల్లీ అని ఇద్దరు కుర్రాళ్ళు, రాబ్ పిలాటస్, ఫ్యాబ్ మోర్వన్. 1989 జులైలో కనెటికట్ రాష్ట్రంలోని బ్రిస్టల్‌లో ప్రదర్శన, ఎంటీవీ వాళ్ళు రికార్డు చేస్తున్నారు. నడుస్తున్న ట్రాకు ఒక్క ముక్క దగ్గర ఇరుక్కుపోయి అదే అదే తిరిగింది. కాసేపు దానికే పెదాలు కదిపి, ఇక లాభం లేదని రాబ్ స్టేజి దిగి పరుగెత్తాడు. అయినా 1990 ఫిబ్రవరిలో కొత్త కళాకారులకిచ్చే గ్రామీ సంగీత అవార్డు వాళ్ళకే ఇచ్చారు. ఆ నవంబరులో నిర్మాత ఫ్రాంక్ ఫారియన్ నోరు విప్పాడు: ఆ ఆల్బంలో ఒక్క ముక్క కూడా వాళ్ళు పాడలేదు, గొంతులు వేరేవాళ్ళవి. గ్రామీ వెనక్కి తీసేసుకున్నారు. కొన్నవాళ్ళు కోర్టుకెళ్తే డబ్బులు కూడా కొంత వాపసిచ్చారు.

2004లో యాష్లీ సింప్సన్ అనే గాయని టీవీ లైవ్ షోలో రెండో పాటకి నిలబడితే, మొదటి పాట గొంతు వచ్చేసింది. మైకేమో నడుం దగ్గర ఉంది. ఆవిడ ఏం చెయ్యాలో తోచక ఒక చిందేసి వెళ్ళిపోయింది.

కానీ మావయ్యగారూ, ఇంకో వైపు కూడా చూడాలి. టేలర్ స్విఫ్ట్ అనే గాయని ఎరాస్ టూరనే తన కచేరీల యాత్రకి ముందు రోజూ ట్రెడ్‌మిల్ మీద మూడు గంటల పాటల జాబితా మొత్తం పైకి పాడుతూ పరుగెత్తేదాన్నని 2023లో టైమ్ పత్రికకి చెప్పింది. జోరు పాటకి పరుగు, నెమ్మది పాటకి నడక. పింక్ అనే ఆవిడ తాళ్ళకి వేలాడుతూ స్టేడియం మీద ఎగురుతూ పాడుతుంది. అదీ సాధన చేసిందే.

కాకినాడ_డాక్టరమ్మ | ఆదివారం ఉదయం 7:15

ఆసుపత్రికి బయల్దేరే ముందు ఒక లెక్క చెప్తాను. ఊరికే కూర్చున్న మనిషి నిమిషానికి సుమారు ఆరు లీటర్ల గాలి పీల్చి వదులుతాడు. ఒళ్ళు విరిగే శ్రమలో అది వంద లీటర్లు దాటగలదు. అంటే నిమిషానికి నలభై సార్లు రొప్పాలి, ఒక్కో ఊపిరికి ఒకటిన్నర సెకను. పాటలో ఒక పాదం లాగాలంటే అయిదారు సెకన్లు గాలి వదులుతూనే ఉండాలి. ఒంట్లో బొగ్గుపులుసు వాయువు పేరుకొని "పీల్చు, పీల్చు" అని మెదడు తరుముతుంటే గొంతు "ఆగు, పాదం అయిపోనీ" అంటుంది. ఈ రెండిటి పోట్లాటలో ఎక్కువసేపు గొంతు గెలవదు. దింపు కార్మికుడి విషయంలో మావయ్యగారు చూసింది అక్షరాలా నిజం.

అయితే నూటికి నూరు పాళ్ళ శ్రమ ఎవరూ మూడు నిమిషాలు ఏకబిగిన చెయ్యరు. శిక్షణ ఉన్న శరీరం అదే గెంతుకి మనకంటే చాలా తక్కువ రొప్పుతుంది. ఒక చిత్రం కూడా ఉంది. రొప్పుతున్నప్పుడు గట్టిగా అరిచే స్వరం పరవాలేదు, వచ్చేస్తుంది. మెత్తగా, సన్నగా, నిలకడగా పట్టాల్సిన స్వరమే వణుకుతుంది. కాబట్టి అనుమానమొస్తే పైస్థాయి కేకని కాదు, గెంతిన వెంటనే వచ్చే చిన్న గొంతుని వినండి.

హరిదాసు_మనవడు | ఆదివారం ఉదయం 10:05

పాప్ అంటే నాకు తెలీదండి, గజ్జె కట్టుకొని పాడటం తెలుసు. మా తాతగారు హరిదాసు. ఒక చేత చిరతలు, కాలికి గజ్జెలు, మెడలో దండ, మూడు నాలుగు గంటల కథ. వచనం, పద్యం, కీర్తన, మధ్యలో పిట్టకథ, ఇంత చిందు. మైకు వచ్చింది తర్వాత. ఆదిభట్ల నారాయణదాసుగారి వరవడి అది: ఒక్కడే పాడాలి, ఆడాలి, అభినయించాలి. ఇప్పటికీ మన కపిలేశ్వరపురంలో సర్వారాయ హరికథా పాఠశాలలో ఆడపిల్లలు ఇదే నేర్చుకుంటున్నారు. పరుగు యంత్రం లేదు, చెవిలో టిక్ టిక్ లేదు.

మరి ఊపిరెక్కడిదంటే, కథ కట్టడంలోనే ఉంది. చిందు ఎక్కువైన వెంటనే తాత ఎప్పుడూ పద్యం ఎత్తుకోలేదు. చిందు, తరవాత ఒక చమత్కారం. జనం నవ్వే ఆ పది సెకన్లలో ఛాతీ కుదుటపడుతుంది. అప్పుడు పద్యం. చిన్నప్పుడు నేను ఆ చమత్కారాలన్నీ జనం కోసమే అనుకునేవాణ్ణి.

బుర్రకథ ఇంకా తేట. నాజరుగారి వీడియోలు దొరికితే చూడండి. కథకుడు భుజాన తంబురా పెట్టుకొని, వేలికి అందె తొడుక్కొని ముందుకీ వెనక్కీ అడుగులేస్తూ పాడతాడు. పాదం ఆఖరికి వచ్చేసరికి వంతలిద్దరూ తందాన అందుకుంటారు. ఒకాయన హాస్యం, ఒకాయన రాజకీయం. వాళ్ళు గుమ్మెట వాయిస్తూ అందుకున్న ఆ రెండు ఆవృతాలే కథకుడి ప్రాణం. మైక్‌సెట్ గారు చెప్పిన కింద పారే గొంతు ఉంది చూశారూ, మాకది మనిషి రూపంలో పక్కన నిలబడేది.

ముక్తేశ్వరం_మావయ్య | ఆదివారం ఉదయం 10:40

హరికథతో దీన్ని పోల్చడం న్యాయం కాదండి. దాసుగారు చిందేస్తారు గానీ నేలమీద దొర్లరు. కుదురైన అడుగు వేరు, కోతిగెంతు వేరు. నా పందెం అలాగే ఉంది.

రేవుపక్క_పిల్ల | ఆదివారం ఉదయం 10:58

హరిదాసు మనవడు గారూ, మీరు నాకు ఆయుధం ఇచ్చేశారు. ఏడుగురు, మూడు నిమిషాల పాట. నూటఎనభై సెకన్లు, తలా పాతిక సెకన్లు. అది కూడా ముక్కలు ముక్కలుగా. పాడేవాళ్ళు అప్పుడు మధ్యకొచ్చి కొంచెం కుదురుగా నిలబడతారు, మిగతా ఆరుగురు చుట్టూ గెంతుతారు. అందరూ ఒకేసారి గెంతే చోట పాట ఉండదు, వాయిద్యమే. ఏడుగురూ ఒకరికొకరు వంతలే మావయ్యా! దింపు మనిషికి పక్కన ఆరుగురు ఉంటే గెలల లెక్క వాళ్ళు చెప్పేవారు.

ఎటకారం_ఎంకట్రావు | ఆదివారం ఉదయం 11:20

తుర్క్‌మెనిస్తాన్ అనే దేశంలో 2005లో అధ్యక్షుడుగారు పెదాలు కదపడాన్నే నిషేధించేశాడు. టీవీలో, కచేరీల్లో, ఆఖరికి పెళ్ళిళ్ళలో కూడా టేపు పాట పనికిరాదన్నాడు. మన భీమవరం పెళ్ళిళ్ళకి ఆ చట్టం వస్తే ముందు జైలుకెళ్ళేది డీజే కుర్రాడు, రెండోది సంగీత్‌లో పెళ్ళికొడుకు బాబాయ్.

రికార్డింగ్_రాణి | ఆదివారం మధ్యాహ్నం 2:30

మీ చర్చ పొద్దున్నుంచీ చదువుతున్నాను. చెప్పాలా వద్దా అని ఆగి రాస్తున్నాను. నేను పదకొండేళ్ళు రికార్డింగ్ డాన్సు చేశానండి. తీర్థాలు, సంక్రాంతి జాతరలు. మా పేరులోనే రికార్డింగ్ ఉంది. మేం పాడుతున్నామని ఎవరూ అనుకోలేదు, మేమూ చెప్పుకోలేదు. గొంతు సినిమాది, ఒళ్ళు మాది. రాత్రి పదింటి నుంచి తెల్లారే దాకా, పాట వెనక పాట. ఆ పలక స్టేజీల మేకులు అరికాళ్ళకి ఇప్పటికీ గుర్తే. జనం మమ్మల్ని చులకనగా చూశారు గానీ మోసం చేశారని మాత్రం అనలేదు.

ఒకసారి కరెంటు పోయింది. జనరేటరు తాడు లాగుతున్నారు, అందుకోవడంలేదు. జనం ఈలలు. మా పార్టీలో ఒక పెద్దావిడ, పాత నాటకాల మనిషి, ముందుకొచ్చి మైకు లేకుండా పద్యం ఎత్తుకుంది. నేను పక్కన అడుగులేశాను. మొదటి పద్యానికి బాగానే అందుకున్నాను. రెండోదానికి నన్ను కూడా గొంతు కలపమంది. నాలుగు అడుగులేసి గొంతు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదండి. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు, ఒంట్లో చేవ ఉన్న వయసు. ఆవిడకి అరవై. ఆవిడ అడుగు వెయ్యలేదు, నిలబడి పాడింది. ఎవరి పని వాళ్ళం చేశాం కాబట్టే ఆ రాత్రి ఇరవై నిమిషాలు గడిచింది.

ఆడుతూ పాడేవాళ్ళు లేరని నేనను. కానీ ఇంట్లో సోఫాలో కూర్చొని "ఊపిరి వినబడలేదు, దొంగ" అనడం తేలిక. ఊపిరి వినబడితే "పాట చెడింది" అనేదీ ఆ జనమే.

లాకుల_సూపర్నెంటు (నిర్వాహకుడు) | ఆదివారం మధ్యాహ్నం 3:05

రెండు పోస్టులు తీసేశాను. మన ప్రాంతపు గాయకుల పేర్లు పెట్టి "ఫలానావాడు పాడడు" అని ఊహలు రాయొద్దు. పై పోస్టు రాసినావిడతో మర్యాద తప్పి మాట్లాడిన సభ్యుడికి వారం సెలవు ఇచ్చాను. కొనసాగించండి.

డల్లాస్_భీమవరం | ఆదివారం మధ్యాహ్నం 3:40

రాణిగారూ, మీ మాట పట్టుకొని ఒకటి అడుగుతాను. మన సినిమా మొత్తం పెదాల కదలికే కదా? 1932లో భక్త ప్రహ్లాద వచ్చినప్పుడు నటులే కెమెరా ముందు పాడుకున్నారు, ప్లేబ్యాక్ అప్పటికి లేదు. తర్వాత ఘంటసాల పాడితే రామారావుగారు, నాగేశ్వరరావుగారు పెదాలు కదిపారు. ఒక్కడన్నా టికెట్ డబ్బులు వెనక్కి అడిగాడా? ఎందుకంటే టైటిల్సులో గాయకుడి పేరు వేశారు, రేడియోలో చెప్పారు. మిల్లీ వనిల్లీ చేసిన తప్పు పెదాలు కదపడం కాదు, పాడినవాళ్ళ పేరు మింగెయ్యడం. ఛార్లెస్ షా, జాన్ డేవిస్, బ్రాడ్ హోవెల్ అని అసలు పాడినవాళ్ళు తెరవెనకే ఉండిపోయారు.

2008 బీజింగ్ ఒలింపిక్స్ ప్రారంభంలో ఎర్ర గౌనేసుకున్న చిన్నపిల్ల లిన్ మియావోకె పాడినట్టు చూపించారు. గొంతు యాంగ్ పేయీ అనే ఇంకో ఏడేళ్ళ పిల్లది. ఆ పిల్ల ముఖం తెరకి సరిపోదని పక్కన పెట్టారట. మైకేల్ జాక్సన్ 1983లో మోటౌన్ అనే రికార్డుల కంపెనీ వేడుకలో మూన్‌వాక్ చేసిన ఆ ప్రదర్శన కూడా ట్రాకు మీదే, కానీ గొంతు ఆయనదే. ఈ రెండూ నాకు ఒకటి కాదు.

హరిదాసు_మనవడు | ఆదివారం సాయంత్రం 4:15

పద్యనాటకాల్లో అయితే పెదాలు కదిపి తప్పించుకునే దారే లేదు. రాయబారంలో కృష్ణుడు పద్యం ముగించగానే జనం "వన్స్ మోర్" అని అరుస్తారు. మళ్ళీ పాడాలి. అదే పద్యం, రాగం సాగదీసే తీరు వేరు. హార్మోనియం ఆయన గుడ్లు తేలేసి వెంటపడాలి. మీ పాప్ వాళ్ళని ఎవరన్నా ఒక లైను దగ్గర ఆపి వన్స్ మోర్ అనండి, తేలిపోతుంది.

పాలకొల్లు_మైక్‌సెట్ | ఆదివారం సాయంత్రం 6:20

మనవడు గారూ, టిక్ టిక్ మీద నడిచే ప్రోగ్రాముకి వన్స్ మోర్ అంటే నిప్పుపూలు వెలిగించేవాడు నన్ను చంపేస్తాడండి. అయినా మీ పాయింటు పాయింటే.

అమ్మాయిగారూ, వాయిద్యాలు తీసేసిన వీడియోని రుజువు అనకండి. ఆ పద్ధతిలో కంప్యూటరు వాయిద్యాన్ని తీసేసి గొంతుని మిగులుస్తుంది. ఏ గొంతుని? మైకులోదీ ట్రాకులోదీ రెండూ కలిసే మిగులుతాయి. ఊపిరి చప్పుడంటారా, స్టూడియో రికార్డింగులో కూడా ఊపిరి ఉంచుతారు, బాగుంటుందని. "లైవ్ ఆల్బం" అని అమ్మేవాటిల్లో కూడా తరవాత స్టూడియోలో చిల్లులు పూడ్చడం మామూలే. నేనైతే జనంలో ఎవడో ఫోనుతో తీసిన బొమ్మ చూస్తాను. మైకు నోటికి దూరమైనప్పుడు గొంతు సన్నబడుతోందా? "ప", "బ" అన్నప్పుడు మైకులో బుడుక్కుమని గాలి కొడుతోందా? మధ్యలో నవ్వొస్తే నవ్వు పాటలోకి వచ్చిందా? ఇవన్నీ ఉంటే కనీసం ఆ లైనుకి మైకు తెరిచి ఉన్నట్టే.

కొంతమంది ఆటో-ట్యూన్ అనే శ్రుతి సరిచేసే యంత్రం ఉంటే అందరూ పాడేస్తారనుకుంటారు. ఆ యంత్రానికి మన కోనసీమతో ఒక చుట్టరికం ఉందండి. దాన్ని కనిపెట్టిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు చమురు కంపెనీల కోసం భూమిలో పేలుళ్ళ ప్రతిధ్వనులు లెక్కగట్టే ఇంజినీరు. మన చేలల్లో బోర్లు దింపి చిన్న బాంబులు పేల్చి, వైర్లు పరిచి, గ్యాసుందా లేదా అని వింటారు చూడండి, ఆ జాతి లెక్కలే. ఆ గణితాన్నే గొంతు మీద పెట్టి 1997లో బయటికి తెచ్చేడు. మా పొలంలో వైర్లు పరిచినప్పుడు నాకు తెలిసుంటే ఓ పాట పాడి చూసేవాణ్ణి. సరే, ఆ యంత్రం స్వరం పక్కకి పోతే లాక్కొచ్చి నిలబెడుతుంది, అంతే. గాలే రాకపోతే అది దేన్ని నిలబెడుతుంది?

కాకినాడ_డాక్టరమ్మ | ఆదివారం రాత్రి 8:10

బాబాయ్‌గారు చెప్పిన చివరి మాట నా లెక్కకి సరిగ్గా సరిపోయింది. ఒక సూచన: వాదించే బదులు ఎవరైనా చేసి చూడకూడదూ? గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్ళు వద్దు. మావయ్యగారు అసలే వద్దు.

రేవుపక్క_పిల్ల | సోమవారం ఉదయం 8:45

చేసి చూశాం! పొద్దున్నే కాలవగట్టు మీద. నేను, పక్కింటి అక్క, చిన్న తమ్ముడు. ఫోను చొక్కా జేబులో, రికార్డింగ్ ఆన్. తాడాట ఆడుతూ సినిమా పాట.

మొదటిసారి నేనొక్కదాన్నే. పల్లవి భేషుగ్గా వచ్చింది, నాకే గర్వమేసింది. చరణం రెండో పాదం మూడు ముక్కలైంది. మూడో పాదంలో సాహిత్యం పోయి "హా హా" మిగిలింది. ఆఖరి దీర్ఘం సగంలో తెగిపోయింది. విని చూస్తే స్వరం కూడా కిందికి జారిపోయింది, పాడుతున్నప్పుడు నాకు తెలీనే లేదు. డాక్టరమ్మగారన్నట్టు గట్టిగా అరిచిన చోట బాగానే ఉంది, మెల్లగా పాడాల్సిన చోట మేకపిల్ల అరిచినట్టుంది. అటు సైకిలు మీద పాలు పోసే తాత దిగి "ఏమైందమ్మా, ఒంట్లో బాలేదా" అన్నాడు.

రెండోసారి ముగ్గురం తలా ఒక పాదం పంచుకున్నాం. పాడేవాళ్ళు తాడు నెమ్మదిగా, మిగతావాళ్ళు జోరుగా. పాట మొత్తం అయిపోయింది! తమ్ముడు శ్రుతి తప్పాడు, వాడు కూర్చున్నా తప్పుతాడు.

తర్వాత ఆ కొరియా కచేరీయే, జనంలోంచి ఫోనుతో తీసినది వెతికి విన్నాను, బాబాయ్‌గారి గుర్తులు పెట్టుకొని. నిజం చెప్తాను. మధ్యకొచ్చి నిలబడి పాడే లైన్లలో గాలి కొట్టడం, నవ్వు, అన్నీ ఉన్నాయి. నేలమీద దొర్లి లేచిన వెంటనే వచ్చే మెత్తటి లైనులో మాత్రం ఏమీ లేవు. అక్కడ మైకు పక్కకి పోయినా గొంతు తగ్గలేదు.

ఎటకారం_ఎంకట్రావు | సోమవారం ఉదయం 9:02

పాల తాతని కూడా సాక్షిగా పిలవాలండి. స్టేజి కింద నిలబడి వైద్యం చెయ్యబోయిన ఏకైక ప్రేక్షకుడు.

ముక్తేశ్వరం_మావయ్య | సోమవారం ఉదయం 9:30

అంటే నేను సగం గెలిచినట్టా, ఓడినట్టా? సూపర్నెంటుగారూ, తీర్పు చెప్పండి.

లాకుల_సూపర్నెంటు (నిర్వాహకుడు) | సోమవారం మధ్యాహ్నం 12:10

దొర్లిన లైను మావయ్యకి, నిలబడ్డ లైన్లు అమ్మాయికి. లైన్లు లెక్కేస్తే అమ్మాయికే ఎక్కువ. ఒక పెట్టె మావయ్య కొనాలి. రెండో పెట్టె ఇద్దరూ చెరి సగం డబ్బులేసుకొని రికార్డింగ్ రాణిగారికి పంపాలి.

రికార్డింగ్_రాణి | సోమవారం మధ్యాహ్నం 12:45

నాకు చక్కెర జబ్బండి. మైక్‌సెట్ తమ్ముడికి ఇవ్వండి, పొద్దున్నే వైర్లు చుట్టుకునే మనిషి.

ముక్తేశ్వరం_మావయ్య | మంగళవారం సాయంత్రం 5:50

ఆత్రేయపురం వెళ్ళొచ్చేను. కొట్టు వెనకాల ఒకావిడ రేకులు తీస్తోంది. బోర్లించిన కుండ కింద ఎండుటాకుల మంట, గుడ్డ పిండిలో ముంచడం, కుండ మీద ఒక్క లాగుడు, రేకు తీసి పక్కన పడెయ్యడం, మళ్ళీ ముంచడం. పాట కూడా పాడుతోంది, చేతి తాళానికి సరిగ్గా. మంచి గొంతు. పది రేకులు అయ్యేదాకా నిలబడి విన్నాను. మన చర్చ బుర్రలో ఉంది కదా, ఇదిగో రుజువు, పని చేస్తూ హాయిగా పాడుతోంది, మేనకోడలికి చెప్పాలి అనుకున్నాను.

ఇంతలో గాలి తిరిగి పొగ మొహాన కొట్టింది. ఆవిడ దగ్గుతూ పక్కకి లేచింది. పాట ఆగలేదు. గూట్లో పెట్టిన ఫోనులోది.

అయితే మధ్యమధ్య ఆవిడ గొంతు కూడా కలిపినట్టే అనిపించింది నాకు.

రేవుపక్క_పిల్ల | మంగళవారం సాయంత్రం 6:04

మావయ్యా, పెట్టె తెరిచి చూశాను. వరసకి పది ఉండాలి, తొమ్మిదున్నాయి.